పుస్తకమునకు కుట్టు

ఈ సాయంకాలము మీకు విన్నవింపబోవునది పాండిత్యవిషయము కాదు. సూదిదారములకును మైదాబంకకును సంబంధించిన ముచ్చట. ముప్పదియైదేండ్లు తెలుగు పాఠములు చెప్పి, వ్యాకరణసూత్రములను పిల్లలచే వల్లెవేయించి, విశ్రాంతి పొందిన పిమ్మట పడకకుర్చీ నాశ్రయించిన నావంటివాడు దారమును గూర్చి ప్రసంగించుట వింతగానే యుండును. కాని సూత్రమన్నను దారమే కదా! గ్రంథమను మాటకును కూర్చుట, ముడివేయుట యనియే మూలార్థము. తాటియాకులకు రంధ్రము చేసి, త్రాడు దూర్చి, ముడి వేసిననాడే అది గ్రంథమైనది. ఈ యర్థమును తరగతిలో నెన్ని పర్యాయములు చెప్పియుంటినో లెక్కలేదు. చేతితో ఒక్క పుస్తకమునైనను కుట్టి యెరుగను.

గడచిన నవంబరులో మా యూరి గ్రంథాలయమువారు ఒక యాహ్వానము పంపిరి. ఏటేట నవంబరు 14 మొదలు 20 వరకు జరుగు గ్రంథాలయ వారోత్సవములలో పిల్లలకు వ్యాసరచన, వక్తృత్వపు పోటీలు పెట్టుట వాడుక. ఈసారి ఆదివారమునాటి కార్యక్రమము “పెద్దలకు మాత్రమే” యని యుండుట చూచి మా యింటిలో నవ్వుకొనిరి. ప్రతివారును తమ చిన్ననాటి పుస్తక మొకటి తెచ్చుకొనవలెను. దానిని తమ చేతులతోనే బాగుచేసికొని పోవలెను. కొంత సంశయించి, తుదకు నా శబ్దమంజరిని చంకబెట్టుకొని వెళ్లితిని. గురువుగారి యరుగుపై చదివిననాటి నూనెమరకలు దానియందింకను నున్నవి.

చదువుగదిలోని బల్లలన్నియు నొకటిగా చేర్చి, వానిపై పాత వార్తాపత్రికలు పరచియుంచిరి. ఇరువదిమందికి పైగా వచ్చిరి. అందరును తలలు నెరసినవారో, నెరయుచున్నవారో. విశ్రాంత ఇంజనీరొకరు పెద్దబాలశిక్ష తెచ్చిరి. పుదూరు సీతారామశాస్త్రిగారు 1832లో బాలశిక్షగా వెలయించిన నాటినుండి ఆ పుస్తకమెన్ని తరముల చేతులలో నలిగినదో! వీరి ప్రతికి మొదటి పుటలు లేవు, కడపటి పుటలు లేవు. నడుమ ఎక్కములు మాత్రము మిగిలియున్నవి. ఒక ముత్తైదువ తన తల్లి వ్రాసికొనిన మంగళహారతుల పాటల పుస్తకము తెచ్చెను. ఇంకొకరి పుస్తకమునుండి నెమలీక జారిపడగా, ఆ పెద్దలందరు నొక్కగొంతుకతో “పిల్లలు పెట్టిందా?” యని యడిగిరి. ఆ గదిలో నంతటి నవ్వు నేనెన్నడును వినలేదు.

పని నేర్పుటకు వచ్చిన వృద్ధుడు తెనాలి ముద్రణాలయములలో నలువది యేండ్లు జిల్దులు కట్టినవాడు. ఆయన మొదట చెప్పిన మాట నాకు నచ్చలేదు. “ముందు విప్పండి. విప్పడానికి భయపడితే కుట్టలేరు” అనెను. పుస్తకము కొంచెము చినిగినచో అట్టవేసి దాచువాడను నేను. పాతదారము తెంపుమనినప్పుడు నా చేయి వణికినది.

ఆయన చేతిపని చూడవలసినదే. తుప్పుపట్టిన తీగపిన్నులను మొండికత్తితో మెల్లగ లేపి తీసెను. ఫారములను వరుస తప్పకుండ వేరుచేసి, మడత చినిగినచోట పలుచని కాగితపు పట్టీ అంటించెను. అన్నిటి వీపులను బల్లపై తట్టి సమముచేసి, రంపపు బ్లేడుతో నాలుగు గాట్లు పెట్టెను. ఆ గాట్లగుండ సూది పోవలెను. దారమునకు కొవ్వొత్తి మైనము రుద్దనిచో చిక్కుపడి కాగితమును కోయునట. మైదాపిండిని ఉండలు లేకుండ నీట కలిపి, సన్నని సెగపై ఉడికించి, చిటికెడు మైలుతుత్తము వేసెను. అది విషము గనుక పురుగు ముట్టదు. ఆ గిన్నెను మరల వంటకు వాడరాదని, చేతులు కడుగక వక్క నోట వేసికొనరాదని రెండుసారులు హెచ్చరించెను. మా పండితులు దానినే మయూరతుత్థ మందురు. పురుగునకు ఏ పేరైనను నొక్కటియే.

నడుమ తేనీరు త్రాగునప్పుడు మాటలు పాత గ్రంథాలయములపైకి మరలినవి. 1935లో పాతూరి నాగభూషణముగారి పూనికతో పెదవడ్లపూడినుండి కొల్లూరివరకు కాలువపై పుస్తకముల పడవ నడచిన సంగతి మా ప్రాంతమువారికి తెలియును. మా తండ్రిగారు అప్పుడు పదేండ్ల బాలుడు. పడవ వచ్చువేళకు కాలువగట్టున కూర్చుండి యెదురుచూచెడివారట. పుస్తకము తడిసినను సరే, మనిషి చేతికి చేరవలెనని ఆయన మరణపర్యంతము చెప్పుచుండిరి. వారి కుమారుడనైన నేను చేసిన పని వేరు.

పూర్వము వ్రాయసకాండ్రు గ్రంథాంతమున పుస్తకముచేతనే ఒక మొర పెట్టించెడివారు: నూనెనుండి, నీటినుండి, వదులైన కట్టునుండి తన్ను కాపాడుమని, మూర్ఖుని చేతికి తన్ను ఈయవలదని. నేను నా యుద్యోగకాలమంతయు ఆ కడపటి కోరిక నొక్కదానినే పట్టుకొనియుంటిని. మా పాఠశాల గ్రంథాలయమనగా ఒక కొయ్యబీరువా, మున్నూరు పుస్తకములు. తాళపుచెవి నా జేబులో. 1988లో తొమ్మిదవ తరగతి బాలుడొకడు చందమామ సంచిక నొకదానిని, అనగా ఒక యేటి పండ్రెండు నెలలవి కలిపి కట్టిన దానిని, తీసికొనిపోయి మరల తేలేదు. పోయినదనెను. తరగతియెదుట నిలువబెట్టి మందలించి, ఇరువదియైదు రూపాయలు కట్టించితిని. అతని తండ్రి వ్యవసాయకూలి. ఆ సొమ్ము వారి కెన్ని దినముల కూలియో నాకు తెలియనిది కాదు. పట్టికలో “నష్టము” అని వ్రాసితిని. పిమ్మట బీరువా తెరచుటయే మానితిని. 1990 మే నెలలో కృష్ణాతీరమును పెనుతుపాను కొట్టినప్పుడు పాఠశాల కప్పు కారినది. సెలవులు గనుక తాళపుచెవి నాతో ఊరికి వచ్చినది. జూనులో తెరచిచూతునుగదా, నీరు చాలించినదానిని చెదలు ముగించినవి. మున్నూరు పుస్తకములును ఒక మట్టిముద్ద.

శ్రోతలారా, ఈ కథ యెందుకు చెప్పుచున్నానో వినుడు. తేనీరు ముగించి బల్లయొద్దకు రాగా, ఏబదియేండ్ల ప్రాయముగల యొక యామె నా ప్రక్కన నిలిచి, “మాస్టారూ, గుర్తుపట్టారా?” అనెను. పట్టలేదు. ఆమె తన సంచినుండి 1972వ సంవత్సరపు చందమామల కట్టను తీసి నా యెదుట పెట్టినది. మొదటి పుటపై మా పాఠశాల ఊదారంగు ముద్ర. దాని క్రింద నా చేవ్రాలితో సంఖ్య.

“అన్నయ్య పోగొట్టలేదండీ. నేనే దాచాను, బియ్యపు డబ్బా వెనక. అప్పుడు ఏడో తరగతి. మాకు పుస్తకాలు ఇచ్చేవారు కాదుగా” అనెను.

నిజమే. ఎనిమిదవ తరగతికి లోపలివారికి ఈయరాదని నియమము పెట్టినవాడను నేనే.

కట్ట వీపు విరిగినది. పుటల మూలలు వ్రేళ్ల తడికి నల్లబడినవి. ఆమె చదివినది, ఆమె బిడ్డలు చదివిరి, ఇప్పుడు మనుమరాలి వంతట. 1947 జూలైలో మద్రాసునుండి వెలువడనారంభించిన ఆ మాసపత్రిక ఇప్పుడు రాదు. కాని ఆ పండ్రెండు సంచికలలో ఒక్క పుటయైనను పోలేదు. నా బీరువాలో భద్రముగ నుండవలసినది అదొక్కటియే బ్రతికినది.

నాకు కోపము రాలేదు. వచ్చినదేదియో చెప్పుట కష్టము. నా శబ్దమంజరిని ప్రక్కనబెట్టి, ఆమె కుట్టుచుండగా ఫారములు కదలకుండ రెండు చేతులతో పట్టుకొంటిని. చివరి ముడి నన్ను వేయుమనెను. నా ముడి వదులైనదని మేస్త్రి విప్పి మరల వేసెను. అట్ట లంటించిన పిమ్మట, ముద్రక్రింద “ముట్టినది” అని వ్రాసి, తేదీ వేసి, సంతకము చేసి, పుస్తకమును ఆమెకే యిచ్చితిని. ఇరువదియైదు రూపాయలు తిరిగి యిత్తునంటిని.

“నాకెందుకండీ? అన్నయ్యకివ్వండి” అనెను.

ఆయన హైదరాబాదున నున్నాడట. ఆ సంవత్సరము తరువాత అతడు పాఠ్యపుస్తకము తప్ప మరియొకటి తెరువలేదని ఆమె నవ్వుచునే చెప్పినది. నేను నవ్వలేకపోతిని. అతని టెలిఫోను సంఖ్యను నా శబ్దమంజరి క్రొత్త యట్ట లోపలివైపున వ్రాసియిచ్చినది. బంక యింకను తడిగా నుండుటచేత, ఇంటికి వచ్చి చూచునప్పటికి అంకెలలో రెండు చెదరిపోయినవి. ఆమె ప్రతి ఆదివారమును మనుమరాలిని గ్రంథాలయమునకు తీసికొనివచ్చునని తెలిసికొంటిని. ఈ ఆదివారము ఉదయము నేనును పోయెదను.