స్నేహితుల చేతి ఛాయాచిత్రములు



నిజాము ఆస్థాన ఛాయాగ్రాహకుడైన రాజా దీనదయాళ్ (1844–1905) సయితము మొదట ఇండోరులో కొలువు చేయుచు, వేడుకగా కెమెరా పట్టినవాడే. ఆగ్ఫా క్లిక్-3 కెమెరాలో రీలుకు 12 బొమ్మలే, పండుగలకు దాచుకొనెడివారు. నేటి ఫోనుకు ఆ లెక్క లేదు. అరక దున్ను మిత్రుని, రచ్చబండపై నవ్వు తాతను గూడ తీయవచ్చును. తీయువాడు మాత్రము ఏ చిత్రములోను కనబడడు. అప్పుడప్పుడు కెమెరా చేయి మారవలెను!

మేము గ్రామములలో గోడలపై పాత చిత్రములు చూచి, "వీరెవరు?" అని అడుగుదుము. చెప్పగల అవ్వ అప్పటికే గతించియుండును. పేరు తెలియని ముఖము ఇంటివారికే పరాయిదగును. కావున మిత్రులు నలుగురు కూడి, పెద్దల యెదుట చిత్రములు పరచి, పేర్లును సంవత్సరమును అడిగి, వెనుకవైపున మెత్తని పెన్సిలుతో వ్రాయుడు. సిరా అయినచో ముందునకు ఊరును. ఫోనులోని ముఖ్యమైన చిత్రములను అచ్చు తీయించి, మిత్రునకొక ప్రతి ఇండు.