ముల్లు సున్నా చూపితే కరెంటు లేనట్టేనా?

(సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన నాదెండ్ల చుట్టుపక్కల ఇంట్లో ఫ్యాను ఆగినా, చేలో మోటారు తిరగకపోయినా ముందు కబురు వచ్చేది రిటైరైన మనకే. "బాబాయ్ గారూ, ఒకసారి మీటరు పట్టుకు రండి" అంటారు. మనమూ బీరువా మీది పాత ముల్లు మీటరు దించి బయలుదేరతాం. దాన్ని గురించే నాలుగు మాటలు మనవి చేస్తాను.

ఈ మీటర్లకు పెద్దన్న 'ఆవోమీటరు'. బ్రిటిష్ తపాలా శాఖ ఇంజనీరు డొనాల్డ్ మెకాడీ ఆలోచన నుంచి పుట్టి 1923లో మార్కెట్లోకి వచ్చింది. ఆంపియర్లు, ఓల్టులు, ఓమ్‌లు ఒకే పెట్టెలో కొలవడం దాని గొప్ప. నాబ్ తప్పు చోట ఉంటే ప్రమాదం కూడా అక్కడే.

సర్వీసులో ఉండగా ఒకసారి పత్తి చేలో మోటారు స్టార్టరు విప్పాను. మీటరు పెడితే ముల్లు కదల్లేదు. సప్లయి లేదనుకుని చెయ్యి పెట్టబోయాను. పక్కనున్న హెల్పరు "నాబ్ చూశారా సార్?" అన్నాడు. అంతకు ముందు బ్యాటరీ చూసి నాబ్‌ను డీసీలోనే వదిలేశాను! ఏసీలోకి తిప్పి పెడితే ముల్లు 400 దగ్గర నిలిచింది. ఆ కుర్రవాడు అడగకపోతే ఈరోజు మీ ముందు నిలబడేవాణ్ణి కాదు.

కారణం ఇదీ. మన కరెంటు సెకనుకు 50 ఆవృత్తులతో అటూ ఇటూ మారుతుంది. డీసీలో ఉన్న ముల్లు ఆ వేగాన్ని అందుకోలేక సున్నా దగ్గరే ఆగిపోతుంది, మహా అయితే కాస్త వణుకుతుంది.

అందుకని, ముందు కరెంటు ఉందని తెలిసిన ప్లగ్గులో మీటరు పెట్టి చూడండి. తరువాత అనుమానమున్న చోట చూడండి. మళ్ళీ ఆ ప్లగ్గులోనే చూడండి. మొదటా చివరా ముల్లు లేస్తేనే మధ్యలో చూపిన సున్నాను నమ్మాలి. అప్పుడు కూడా న్యూట్రల్ తెగి ఉంటే ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య సున్నాయే వస్తుంది, ఫేజు మాత్రం బతికే ఉంటుంది. కాబట్టి ఫేజుకూ ఎర్తుకూ మధ్య కూడా చూడాలి.

ఇంట్లో 230 ఓల్టులైనా పెద్ద రేంజితోనే మొదలుపెట్టండి. ఓమ్‌లు చూసేటప్పుడు మెయిన్ తీసి, సప్లయి లేదని నిర్ధారించుకోండి. తీగల కొసలు రెండూ కలిపి, ఓమ్ స్కేలుకు కుడి చివరనుండే సున్నాకు ముల్లు తెచ్చుకోండి. రాకపోతే మీటరు బ్యాటరీ అయిపోయినట్టే. ఆంపియర్ల వైపు నాబ్ ఉండగా ప్లగ్గులో పెట్టవద్దు. అది నేరుగా షార్టు చేసినట్టే, నిప్పులు ఎగురుతాయి.

తీగలకు పగుళ్ళుంటే మార్చండి. ఒళ్ళు, నేల పొడిగా ఉండాలి. పని అయ్యాక నాబ్‌ను ఆఫ్‌లో, అది లేకపోతే ఏసీ పెద్ద రేంజిలో ఉంచండి. చూపు ఆనకపోయినా, చెయ్యి వణికినా మొహమాటపడకుండా లైన్‌మన్‌ను పిలవండి. స్తంభం, ట్రాన్స్‌ఫార్మరు జోలికి అసలే వెళ్ళవద్దు.

మీ మనవలకు మీటరు ఇచ్చేటప్పుడు "నాబ్ చూశావా?" అనే ఆ ఒక్క ప్రశ్న కూడా నేర్పండి. సెలవు.