ఎన్ని గంటల దూరం?

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం)

 

"అమెరికాలో నువ్వుండే ఊరు ఇక్కడికి ఎంత దూరం?" అని పొద్దుటి నుంచి చాలామంది అడిగారు. శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి హైదరాబాద్‌కు తిన్నగా కొలిస్తే సుమారు 13,500 కిలోమీటర్లు. తిన్నగా అంటే గోడమీది పటంలో గీసే గీత కాదు. గ్లోబు మీద ఈ రెండు ఊళ్ల మధ్య దారం బిగించి చూడండి, అది అలాస్కా, సైబీరియాల మీదుగా పోతుంది.

కానీ విమానాలు ఎప్పుడూ ఆ దారం వెంటే పోవు. పైన పడమటి నుంచి తూర్పుకు బలమైన గాలి వీస్తూ ఉంటుంది. ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్లే ఎయిరిండియా విమానం మొదట్లో అట్లాంటిక్ మీదుగా దాదాపు 13,900 కిలోమీటర్లు పోయేది. 2016 అక్టోబరులో దాన్ని పసిఫిక్ మీదుగా మళ్లించారు. దూరం 15,300కు పెరిగింది. గాలి వెనక నుంచి తోయడంతో పద్నాలుగున్నర గంటల్లోనే చేరింది, సుమారు రెండు గంటలు కలిసొచ్చాయి. 2021 జనవరిలో కెప్టెన్ జోయా అగర్వాల్ నాయకత్వంలో అందరూ మహిళా పైలట్లే శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకు ఎక్కడా ఆగకుండా విమానం నడిపారు. దానికి పదిహేడు గంటలకు పైగా పట్టింది. ఆ నలుగురిలో పాపగారి తన్మయి ఒకరు.

ఈ లెక్కలన్నీ నాకు సరదాగా ఉండేవి, మా నాన్నగారు కాలం చేసిన కబురు అందేదాకా. దుబాయ్ మీదుగా టికెట్ దొరికింది. గాలిలో ఉన్నది పంతొమ్మిదిన్నర గంటలే. విమానం బయల్దేరడానికి ఎదురుచూపు, దుబాయ్‌లో మరో ఎదురుచూపు, శంషాబాద్‌లో లైను, అక్కణ్ణుంచి మన ఊరికి రోడ్డు. కబురు విన్నప్పటి నుంచి మా గడప తొక్కేసరికి ముప్ఫై అయిదు గంటలు.

ఆ ముప్ఫై అయిదు గంటలూ మా ఇంట్లో ఉన్నది మన బ్యాచ్ వాళ్లు. ఫ్రీజర్ బాక్సు తెప్పించారు. బంధువులకు ఫోన్లు చేశారు. మా అమ్మ చేత బలవంతాన నాలుగు ముద్దలు తినిపించారు. నేను రాగానే ఎవరూ ఏమీ అడగలేదు, నా చేతిలోంచి బ్యాగు అందుకున్నారు.

విమానాల వేగం పెంచడం మన చేతుల్లో లేదు. మన చేతిలో ఉన్న పని ఒకటి చెబుతాను. పిల్లలు దూరాన ఉన్న పెద్దవాళ్ల ఇళ్లు మన ఊళ్లో చాలా ఉన్నాయి. ప్రతి ఇంటికీ అరగంటలో చేరగల పూర్వ విద్యార్థులు ఇద్దరి పేర్లు, ఫోన్ నంబర్లు రాసిన పుస్తకం ఒకటి సంఘం తయారు చేయాలి. అయ్యే ఖర్చు దూరాన ఉన్న మేం భరిస్తాం. మా అమ్మ ఇక్కడే, ఆ ఇంట్లోనే ఉంటానంటోంది. మొదటి పేజీలో ఆమె పేరు రాయండి.

సెలవు.