ముంపును సహించు వరి





జీవులు క్రొత్త పరిస్థితులకు ఒదుగు విధమును గూర్చి సాగిన పరిశోధనలలో మన గోదావరి డెల్టాకు మిక్కిలి సన్నిహితమైనది వరిని గూర్చినది. 1925లో మారుటేరున నెలకొన్న పరిశోధన కేంద్రమునుండి 1982లో వెలువడిన ఎం.టి.యు. 7029, అనగా మన స్వర్ణ, గోదావరి పాయ పేరు గల వశిష్ఠ రకమునకును మషూరికిని పుట్టినది. తక్కువ ఎరువుతోనే నిండుగా పండుటచేత ఒడిశా, వంగదేశముల దాకా వ్యాపించినది. అయినను పొట్టిరకమగుటచే, సార్వాలో వరద వచ్చి వారము దాటి నిలిచెనా, రైతు ఆశ వదలుకొనవలసినదే.

గాలిలో కంటె నీటిలో వాయువులు సుమారు 10,000 రెట్లు నెమ్మదిగా వ్యాపించును గనుక, మునిగిన మొక్కలో పుట్టిన ఇథిలీన్ బయటికి పోజాలక లోననే పేరుకొనును. ఆ సంకేతమున సాధారణపు వరి గాలిని అందుకొనుటకై ఆకులను త్వరత్వరగా సాగదీసి, దాచుకొన్న పిండిపదార్థమునంతటిని ఆ ప్రయాసకే వెచ్చించును. నీరు తీసిన పిమ్మట మడిలోనికి దిగి చూడుడు: ఆకులు పాలిపోయి, సన్నగా సాగి, బురదపై వాలియుండును; పట్టి లాగినంతనే దుబ్బు మొదలు కుళ్లువాసనతో చేతికి వచ్చును.

ఒడిశాలోని ధాళపుటియా అను నాటు రకమునుండి ఏరిన ఎఫ్.ఆర్. 13ఏ అట్లు చేయదు. మునుగగానే ఎదుగుదలను ఆపి, కరవునాడు గాదెకు తాళము వేసిన ఇల్లాలివలె ఉన్నదానిని పొదుపుచేసి, నీరు తీసిన పిమ్మట క్రొత్త ఆకులు వేయును. ఈ నిగ్రహమునకు మూలమైన సబ్1ఏ జన్యువును షు, రోనాల్డ్, మెకిల్ ప్రభృతి శాస్త్రజ్ఞులు 2006లో ప్రకటించిరి. ఆ గుణమును స్వర్ణలోనికి దించిన కృషిని వివరించిన 2007 నాటి పత్రమునకు ప్రథమ రచయిత్రి సి.ఎన్. నీరజగారు. 2009లో స్వర్ణ-సబ్1 మన దేశమున విడుదలైనది. స్వర్ణ ధాన్యపు పొట్టు బంగారువన్నె, దీనిది ఎండుగడ్డివన్నె; ముంపు లేని ఏట దిగుబడిలో మాత్రము ఇంచుమించు భేదము లేదు.

పైరు వరదకు అలవాటుపడునని కొంద రందురు. నే నంగీకరింపను. స్వర్ణ ఇన్నేండ్లు మునిగియు నేర్చినదేమియు లేదు. స్వపరాగ సంపర్కముతో ఒకే వంశముగా సాగు విత్తనమున ప్రకృతి ఏరుకొనుటకు భేదములే అరుదు. భేదము ధాళపుటియాలో ఉండెను. మనిషి దానిని వెదకి తెచ్చెను.

మరి సాగియే బ్రతుకు లోతునీటి వరి మాటయో? అది రోజుకు 20 సెంటీమీటర్ల వరకును సాగి నీటితోపాటు పైకి లేచును. ఒకే నీటికి రెండు విరుద్ధములైన సమాధానములు. ఏది సరియో తేల్చునది నీటి గడువు. సబ్1ఏ కాపాడునది రమారమి రెండు వారములే. విత్తనము మొలకెత్తునప్పటి ముంపునకు గాని, నెలల తరబడి నిలుచు లోతునీటికి గాని అది పనికిరాదు. పూడికతోను గుర్రపుడెక్కతోను మూసుకొనిన మురుగుకాల్వలు ఆ గడువులోపల నీటిని తీయకున్నచో, ఎంత మేలైన విత్తనమైనను వృథాయే. కావున విత్తనము మార్చిన రైతులును, నీటిపారుదల అధికారులును కలిసి వేసవిలోనే ఆ కాల్వలను బాగుచేయింపవలెనని నా మనవి.