విశాఖలో ఒక్క దినము

(సంఘ సభలో చేసిన ప్రసంగ పాఠము)



1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా రాష్ట్రము ఏర్పడువరకు మన కొరాపుట్, రాయగడ ప్రాంతములు విశాఖపట్టణము జిల్లాలోనివి. జిల్లా మారినను త్రోవ మారలేదు. వైద్యమునకో, పెండ్లి బట్టలకో నేటికిని మనము విశాఖకే పోవుచున్నాము. రాయగడవారు పార్వతీపురము, విజయనగరముల మీదుగను, కొరాపుట్‌వారు అరకు మీదుగను రైలులో చేరుదురు. పని ముగియగనే తిరుగు బండికై స్టేషనులో కూర్చుందుము. ఆ మూడు నాలుగు గంటలను గూర్చియే మా మనవి.

మన పిల్లలు ఇంట తెలుగు మాటాడుదురు. బడిలో ఒడియా, ఇంగ్లీషు చదువుదురు. తాతగారి ఉత్తరము పెట్టెలోనున్నను చదువలేని మనుమలు మన యిండ్లలోనే కలరు. ప్రయాణమునకు ముందే వారిచేత అక్షరములు దిద్దింపుడు. విశాఖలో దుకాణముల పలకలను, బస్సులపైని యూళ్ల పేర్లను బిగ్గరగా చదివింపుడు. తప్పినచో నవ్వక దిద్దుడు.

అన్నియు చూడవలెనని పరుగిడవలదు. ఒక్క చోటు చాలును. సింహాచలమున, కోణార్క ఆలయము కట్టించిన గాంగవంశపు రాజుల కాలపు శాసనములును, 1516లో దర్శించిన శ్రీకృష్ణదేవరాయల శాసనమును కలవు. ఒడియా, తెలుగు రెండును మనవేయని పిల్లలకు చెప్పుటకు అంతకంటె తగిన తావేది? కొండకు సమయము చాలనిచో సముద్రతీరము చూపుడు. స్టేషనుకు మరలుటకు ముందు ఒక పెద్దబాలశిక్ష కొనుడు.

మేమును ఇన్నేండ్లు బట్టల మూటలతోనే మరలితిమి. మా పిల్లలు నేడు ఈ పత్రికను మాచేత చదివించుకొని వినుచున్నారు. ఆ లోటు మీ యింట కలుగకుండు గాక!