పాతచిత్రములు – పాఠభేదములు

పాత చలనచిత్రములను మెరుగుపెట్టి మరల ప్రదర్శించుట యిటీవల పరిపాటి యైనది. చిత్రము వెంటనే వివాదమును వచ్చుచున్నది. ఈ సన్నివేశము పూర్వము లేదని యొకరు, ఉండవలసినది పోయినదని వేరొకరు, ముగింపే మారినదని మరియొకరు, అభిమానులు పక్షములుగా చీలి వాదించుకొనుచున్నారు. పనిలేనివారి తగవని దీనిని త్రోసివేయు పెద్దలు కలరు. ముప్పది యేండ్లకు పైగా బడిపిల్లలకు భారత భాగవతములు చెప్పిన నాకు అట్లు తోచదు. తాళపత్రములను ముందుంచుకొని మన పండితులు చేసిన వాదములే యివి. పత్రములకు మారుగా ఫిలిము వచ్చినది, అంతియే.

మనకు దగ్గరి యుదాహరణము “మాయాబజారు”. దర్శకులు తాడిపత్రివారైన కె. వి. రెడ్డిగారు. నిర్మాతలు కడపజిల్లా పొట్టిపాడువారైన నాగిరెడ్డిగారును, తెనాలి చక్రపాణిగారును. 1957 మార్చి 27వ తేదీన నలుపు తెలుపు చిత్రముగా వెలువడినది. ఏబదిరెండేండ్లు నిండిన పిమ్మట, 2010 జనవరి 30వ తేదీన, హైదరాబాదునందలి గోల్డ్‌స్టోన్ సంస్థవారు దానికి రంగులు దిద్ది, ధ్వనిని సంస్కరించి, ఇంచుమించు చదరముగా నుండిన బొమ్మను వెడల్పుతెరకు సరిపెట్టి విడుదల చేసిరి. అప్పటికే హిందీలో “మొఘల్-ఏ-ఆజమ్” చిత్రమునకు 2004లో ఇట్టి సంస్కారము జరిగియున్నది.

నాయొద్ద చదువుకొన్న యిద్దరు, ఇప్పుడు సంసారులు, తిరుచానూరులో పద్మపుష్కరిణి మెట్లమీద ఈ విషయమై తగవులాడుకొని నన్ను మధ్యవర్తిగా నిలిపిరి. “రంగులేస్తే ఏమి తప్పు అయ్యవారూ? మా పిల్లోళ్లు నలుపు తెలుపు బొమ్మంటే కూర్చోరు. రంగుల్లో వచ్చినాకనే ఘటోత్కచుణ్ణి చూసినారు” అని యొకడు. “ఆ పడవపాటలో వెన్నెలను బార్‌ట్లీ అట్లా తీసినాడంటే, అది నలుపూ తెలుపూ కాబట్టి. దానిమీద నీలం పూసేదానికి వీళ్లెవరు?” అని రెండవవాడు. ఇద్దరి మాటయందును సారము కలదు. ఛాయాగ్రాహకుడైన మార్కస్ బార్‌ట్లీ చీకటివెలుగుల పాళ్లు తెలిసి వెన్నెలను కల్పించెను. ఆయన చేతిలో లేని వర్ణములను ఆయన పేరిట చూపుట న్యాయమా యనుట తగిన ప్రశ్నయే. అయినను, పిల్లవాడు అసలే చూడకపోవుటకంటె రంగులలోనైన చూచుట మేలనుటయు కాదనరానిది.

నన్ను విస్మయపరచినది వేరొకటి. ఒక గంటసేపు వాదించియు వారిలో నొక్కడును పద్యముల మాట యెత్తలేదు. ఆ రంగులప్రతిలో పద్యములు చాలవరకు లేవు. పాటలలోను కొన్నింటికి లోపము కలిగినది. ఆయా భాగముల ప్రతి శిథిలమై యుండుటయే కారణమని చెప్పబడినది. కారణము నిజమే కావచ్చును. పౌరాణికనాటకమునందు పద్యము నగవంటిది కాదు, అది పాత్రయొక్క పలుకు. కోపము వచ్చినను, శోకము వచ్చినను, పాత్ర పద్యమెత్తుకొనును. దానిని తీసివేసి కథకు లోటు రాలేదనుట, మనిషి మాటలు తీసివేసి నడక చక్కగానే యున్నదనుట వంటిది. రంగు చీర సరియా కాదా యని ఊరంతయు వాదించును. పద్యము పోయినప్పుడు మాత్రము అడుగువాడు లేడు. అందుచేతనే కత్తెరకు మొదట దొరకునది పద్యము.

గ్రంథపరిష్కర్తల మర్యాద యొకటి చెప్పవలెను. ఆకు పురుగు తినివేసిన చోట పరిష్కర్త చుక్కలు పెట్టి “గ్రంథపాతము” అని వ్రాయును. ముందుపాదమును వెనుకపాదముతో అతికి, ఏమియు పోలేదన్నట్లు అచ్చు వేయడు. ఒక ప్రతియం దొకటి, వేరొక ప్రతియందు వేరొకటి యున్నచో, తనకు మేలనిపించిన దానిని పైన ఉంచి, రెండవదానిని అడుగున పాఠాంతరముగా చూపును. చదువరి తానే తేల్చుకొనును. చిత్రమునం దీ మర్యాద పాటింపబడుట లేదు. కోసినచోట అతుకు కనబడకుండ చేయుటయే నేర్పుగా ఎన్నబడుచున్నది. నూతనముగా చూచు బాలునకు అక్కడ పద్యముండెనను శంకయే కలుగదు.

మార్పే కూడదని నేననను. వ్యాసభారతమున అభిమన్యునకు శశిరేఖ లేదు, ఉత్తరయే భార్య. శశిరేఖాపరిణయము జనులు చెప్పుకొన్న కథ, నాటకములవారు పెంచిన కథ. 1936లోనే తెలుగున చిత్రమై వచ్చినది. కె. వి. రెడ్డిగారి చిత్రమున పాండవులే తెరమీద కానరారు. అయినను పింగళి నాగేంద్రరావుగారిని భారతము చెరిచిన వాడని ఎవరైన నిందించిరా? ఆయన వ్యాసుని గ్రంథమును దిద్ది వ్యాసునిదని చెప్పలేదు, తనది తాను వ్రాసెను. ఇక నన్నయ విడిచిన అరణ్యపర్వశేషమును పూరించిన ఎఱ్ఱన సంగతి. నన్నయ యెచ్చట నాగెనో, ఎఱ్ఱన యెచ్చట నందుకొనెనో నేటికిని ప్రతి విద్యార్థికి తెలియును.

ఈ దృష్టితో చూచినచో ఇటీవలి వివాదములలో కొన్ని సులభముగా విడివడును. రాజమౌళిగారు తమ “బాహుబలి” చిత్రములు రెంటిని కుదించి, పాటలును యుద్ధదృశ్యములును కొన్ని విడిచి, 2025 అక్టోబరు 31వ తేదీన ఒకే చిత్రముగా విడుదల చేసిరి. తమకిష్టమైన పాట పోయినదని నొచ్చుకొన్నవారు కలరు. కాని కోసినది నిర్మించిన చేయియే. కోసినవేమో ఆయనయే ముందుగా చెప్పెను. “బాహుబలి: ది ఎపిక్” అని పేరును వేరు పెట్టెను. మొదటి రెండును ఉండనే యున్నవి. నాకిందు దోషము కనబడదు.

“షోలే” సంగతి ఇంకను చిత్రమైనది. 1975లో అత్యవసర పరిస్థితినాడు, మాజీ పోలీసు అధికారి తానే దొంగను చంపుట కూడదని సెన్సారువారు పట్టుబట్టగా, పోలీసులు వచ్చి పట్టుకొన్నట్లు ముగింపు మార్చిరి. ఏబదియేండ్లు దేశమంతయు దానినే మూలమనుకొన్నది. 2025లో పునరుద్ధరించిన ప్రతి మొదటి ముగింపుతో వచ్చినది. అలవాటైన పాఠమే మేలనువారు కొందరుండిన ఆశ్చర్యము లేదు. ప్రక్షిప్తశ్లోకములను కంఠస్థము చేసినవారికిని అంతే. అయినను నేనిక్కడ మొదటి పాఠము పక్షమే.

మన జిల్లాకు పొరుగైన అరవదేశమున జరిగినది మాత్రము నాకు మింగుడుపడదు. 2013 నాటి “రాంఝణా” చిత్రము అరవరూపము “అంబికాపతి” 2025 ఆగస్టు 1వ తేదీన మరల వచ్చినది. కృత్రిమమేధ యను యంత్రసాధనముతో ముగింపు మార్చి, చనిపోవలసిన నాయకుని బ్రదికించిరి. దర్శకుడు ఆనంద్ ఎల్. రాయ్‌గారును, నటుడు ధనుష్‌గారును బహిరంగముగా ఆక్షేపించిరి. చిత్రముపై హక్కు గల సంస్థ తన హక్కు చెప్పుకొన్నది. చట్టము మాట న్యాయవాదులు చెప్పవలెను. ఆ నటుడు నటింపని నటనను ఆతని ముఖముతో చూపుటకు మన శాస్త్రములలో పేరు లేదు. ఇక్కడ ఆక్షేపించుటకు కర్తలు బ్రదికియున్నారు. పింగళివారు 1971లోను, కె. వి. రెడ్డిగారు 1972లోను గతించిరి. వారి పక్షమున పలుకవలసినవారు చూచువారే.

మన తిరుపతిలోనే మంచి మార్గము కలదు. తాళ్లపాకవారి సంకీర్తనములు రాగిరేకులమీద దక్కినవి. పాట తలమీద రాగనామము కలదు, నాటి వరుస మనకు దక్కలేదు. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు మొదలగువారు క్రొత్తగా స్వరములు కూర్చిరి. అవి అన్నమాచార్యుల స్వరములని వారు చెప్పలేదు; రేకులను గీకి దిద్దనూ లేదు. పాడుకొనువారు పాడుకొనుచున్నారు, పరిశోధించువారికి రేకులున్నవి.

చిత్రములకు రేకులు లేవు. 1932లో వెలువడిన మన తొలి మాటల చిత్రము “భక్తప్రహ్లాద” ప్రతియే నేడు మిగులలేదు. కావున సంస్కరించువారిని నేను కోరునది కొంచెమే. ప్రకటనపత్రముమీదను, చిత్రారంభమునను, ఏమేమి చేర్చితిరో, ఏమేమి విడిచితిరో రెండు పంక్తులలో తెలుపుడు. విడిచిన పద్యములను, బొమ్మ చెడియున్నను, ధ్వని గరగరలాడుచున్నను, చిత్రము ముగిసిన పిదప వరుసగా చూపుడు. కూర్చుండువారు కూర్చుందురు, లేచిపోవువారు లేచిపోవుదురు. పూర్వప్రతి నొకదానిని పూణెలోని జాతీయ చలనచిత్ర భాండాగారమువంటి చోట ముట్టకుండ నుంచుడు. నా శిష్యులిద్దరికిని ఈ మాటయే చెప్పితిని. రంగులు కావలెనన్నవాడు ఆ పద్యములెక్కడ దొరకునని యడిగెను. నలుపు తెలుపు ప్రతి యింకను దొరకుచున్నదని రెండవవాడే వానికి చెప్పెను.