రెండు కార్డులు, తేలని పట్టా



రెవెన్యూలో పనిచేసి రిటైరైనవాణ్ణి కనుక హద్దుల మాటే మాట్లాడతాను.

మన అరకు లోక్‌సభ నియోజకవర్గంలో సాలూరు ఎగువన, కొండల మీద కొఠియా గ్రూపు గ్రామాలున్నాయి. ఒడిశా లెక్కలో అవి కొరాపుట్ జిల్లా పొట్టంగి బ్లాకులోవి. వివాదంలో ఉన్నవి 21 ఊళ్లు. 1936లో ఒడిశా ఏర్పడినా ఇక్కడ హద్దు తేలలేదు. 1968లో ఒడిశా సుప్రీంకోర్టుకు వెళితే యథాతథ స్థితి ఉంచమన్నారు. 2006లో కేసు ముగిసింది, తగాదా ముగియలేదు. 2021లో మన ప్రభుత్వం పంచాయతీ ఎన్నికలు పెట్టగానే ఒడిశా మళ్లీ కోర్టుకెక్కింది. ఆ నవంబరులో ఇద్దరు ముఖ్యమంత్రులు భువనేశ్వర్‌లో కూర్చుని మాట్లాడుకున్నారు.

రాజధానికి దూరమవడమే ఇలాంటి ఊళ్ల కష్టం అనుకుంటాం. యానాం చూడండి. చుట్టూ మన రాష్ట్రమే, పాలన మాత్రం ఎక్కడో ఉన్న పుదుచ్చేరిది. అయినా అక్కడి మనిషికి తాను ఎవరి పౌరుడో, కాగితం మీద ఎవరి సంతకం చెల్లుతుందో తెలుసు. కొఠియా సాలూరుకు దగ్గరే, కాని తెలియనిది అదే.

"వాళ్లకేం, రెండు రేషన్ కార్డులు, రెండు ఓట్లు" అని దిగువన వింటుంటాను. నిజమే, పోటీ వల్ల రెండు వైపుల నుంచీ బియ్యం, పింఛన్లు, బళ్లు, రోడ్లు వచ్చాయి. 2019లోనూ, 2024లోనూ ఇటు అరకుకు, అటు కొరాపుట్‌కు పోలింగు ఒకే రోజు వచ్చింది. కాని బియ్యం రెండు చోట్ల తెచ్చుకోవచ్చు, భూమికి హక్కు రెండు చోట్ల ఉండదు. అటవీ హక్కుల చట్టం వచ్చిందీ ఆ 2006లోనే. ఒక రాష్ట్రం ఇచ్చిన పట్టాను రెండో రాష్ట్రం ఒప్పుకోకపోతే, తాతలనాటి పోడు మీద ఆ రైతుకు ఏ బ్యాంకు అప్పిస్తుంది? పదో తరగతి పాసైన పిల్లకు కులం, నివాసం సర్టిఫికెట్లు ఏ తహసీల్దారు ఇవ్వాలి?

మనలో పంతుళ్లున్నారు, సర్వేయర్లున్నారు, కలెక్టరేట్లలో పనిచేసేవారున్నారు. మీకు నా విన్నపం రెండే. హద్దు తేలేదాకా ఒకరిచ్చిన పట్టాను, సర్టిఫికెట్‌ను రెండోవారు కొట్టేయకుండా రెండు ప్రభుత్వాలూ ఒప్పందం చేసుకోవాలని అడగండి. గీత గీసే రోజున ముందు ఆ ఊళ్లలో గ్రామసభ పెట్టి, వాళ్ల కువి మాటలోనే అడగమనండి. ఇన్నాళ్లూ కొండ ఎవరిదని వాదించుకున్నాం. కొండ మీది మనిషికి ఏం కావాలో ఇకనైనా విందాం.